ఎట్టాగూ ఎక్కినావు గదా!

చైన్ సా కొత్తగా కొన్నవాడికి కొన్నాళ్ళు కనిపించిన ప్రతి కొమ్మకూ మిషన్ పెట్టాలనిపిస్తుంది. వేలు పోసి కొన్నది మూల పెట్టుకోవడానికా అనుకుంటాడు. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది దానికి సరిగ్గా ఎదురు. చెట్టు మీద మిషన్ పనిలో ఆరితేరినవాడు మిషన్‌ను పైకి చాలా అరుదుగా తీసుకెళ్తాడు. నేల మీద నిలబడి చేయగలిగిందంతా నేల మీద నుంచే చేస్తాడు. చేతి రంపానికి లొంగే కొమ్మకు చేతి రంపమే వాడతాడు. ఈ రెండూ కుదరనప్పుడే తాడు కట్టి మిషన్‌ను పైకి రప్పించుకుంటాడు.

వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల చెట్లు కొట్టే పనికి కరువు లేదు. పళ్ళికొండ, అణైక్కట్టు వైపు కొబ్బరి తోటలున్నాయి. సరిహద్దు దాటి పలమనేరు, చిత్తూరు వైపు వెళ్తే మామిడి. రోడ్ల పక్కన ముసలి చింతలు, ఇళ్ళ ముందు వేపలు, కానుగలు. వానాకాలం ముగిసేలోపు తుపాను ఒక్కటి వచ్చిందంటే నెల రోజులకు సరిపడా పని. ఈ పనికి వచ్చే కుర్రాళ్ళలో చాలామంది కత్తి, గొడ్డలి పట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళ తండ్రులు ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని కుడి చేత్తో నరికేవాళ్ళు. గొడ్డలికి ఆ పద్ధతి సరిపోయింది. గొడ్డలి తప్పు చేసేలోపు మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఉండేది. మిషన్ గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. పాత చేతివాటాన్ని ఈ వేగానికి అంటగట్టడంతోనే సగం ప్రమాదాలు పుడుతున్నాయి. ఒంటి చేత్తో మిషన్ పట్టి రెండో చేత్తో కొమ్మ పట్టుకున్నవాడికి ముందు తెగేది ఆ ఎడమ చెయ్యే.

మిషన్ ఎంపిక దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. మన దుకాణాల్లో చవగ్గా దొరికేవి ఎక్కువగా 58 సీసీ ఇంజను, 22 అంగుళాల బారు ఉన్న మిషన్లు. నేల మీద మొద్దులు కోయడానికి అవి బాగానే పనికొస్తాయి. పెట్రోలు, ఆయిలు పోస్తే ఐదు కిలోలు దాటే ఆ బరువును 30 అడుగుల ఎత్తున, నడుం తాడు మీద వేలాడుతూ భుజం పక్కకు లేపి పట్టుకోవాలంటే ఎంతటి బలశాలి చేతులైనా పది నిమిషాల్లో వణుకుతాయి. చెట్టు పనికని విడిగా తయారుచేసిన చిన్న మిషన్లు ఉన్నాయి. వాటికి పిడి పైన ఉంటుంది, బారు 12, 14 అంగుళాలు, బరువు మూడు కిలోల చిల్లర. ధర ఎక్కువే. కానీ అందులోనూ ఒక మాయ ఉంది. పిడి పైన ఉండటంతో ఒంటి చేత్తో పట్టుకోవడం సులువవుతుంది, ఆ సులువే ప్రాణం మీదికి తెస్తుంది. మిషన్ చిన్నదైనా పెద్దదైనా రెండు చేతులూ దాని మీదే ఉండాలి. ఎడమ బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టుకుని ఉండాలి.

బొటనవేలి మాట ఎందుకొచ్చిందో తెలియాలంటే బారు మొనను దగ్గరగా చూడాలి. మొన గుండ్రంగా ఉంటుంది కదా, దాని పై సగం ఏ కొమ్మకో తగిలిందనుకోండి. అక్కడ గొలుసు పన్ను కొయ్యను కోయలేదు, దాన్ని పట్టుకుని ఆగిపోతుంది. ఇంజను ఆగదు. ఆ బలమంతా బారును పైకెత్తి వెనక్కి, మీ ముఖం వైపు, మెడ వైపు విసురుతుంది. ఇదంతా జరగడానికి పట్టేది సెకనులో పదో వంతు. మనిషి కళ్ళు చూసి, మెదడు గ్రహించి, చెయ్యి కదిలించేసరికి దానికి రెట్టింపు కాలం పడుతుంది. అంటే మీ చురుకుదనం, మీ అనుభవం ఏవీ అక్కడ పనిచేయవు. పనిచేసేవి మూడే. మొనను కొయ్యకు తగలనివ్వకపోవడం మొదటిది. మెడ, తల బారు తిరిగే దారిలో లేకుండా కాస్త ఎడమగా నిలబడటం రెండోది. ముందు పిడికి ఎదురుగా ఉండే బ్రేకు మూడోది. బారు విసురుకు మణికట్టు తగిలి ఆ బ్రేకు పడాలంటే చెయ్యి పిడి మీద సరిగ్గా ఉండాలి, బొటనవేలు చుట్టుకుని ఉండాలి.

ఆ బ్రేకును రోజూ పొద్దున పరీక్షించుకోవాలి. మిషన్ నేల మీద పెట్టి స్టార్ట్ చేసి, రెండు చేతులతో పట్టుకుని రేసు ఇస్తూ ఎడమ మణికట్టుతో బ్రేకును ముందుకు తోయండి. గొలుసు తక్షణం ఆగాలి. అర చుట్టు తిరిగి ఆగినా ఆ రోజు ఆ మిషన్ చెట్టెక్కకూడదు. చాలా మిషన్ల బ్రేకులు పొట్టు, జిడ్డు పట్టి మొండికేసి ఉంటాయి, విప్పి తుడిస్తే చాలు. బ్రేకు ఊరికే పడిపోతూ చిరాకు పెడుతోందని ఆ పలకను ఊడదీసి పక్కన పడేసే మేస్త్రీలూ ఉన్నారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకోకండి.

గొలుసు పదును గురించి ఇంకొక మాట. పన్ను ముందు చిన్న మెట్టులాంటిది ఉంటుంది. పన్ను ఎంత లోతుకు దిగాలో తేల్చేది అదే. పన్నుకూ దానికీ ఎత్తులో తేడా మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు, అంతే. మిషన్ 'స్పీడుగా' కోయాలని ఆ మెట్టును ఆకురాయితో బాగా అరగదీసే అలవాటు మన దగ్గర ఉంది. కోత వేగంగా సాగుతుందన్నది నిజమే, మొన తగిలినప్పుడు విసురూ అంతే వేగంగా వస్తుంది. మొద్దుబారిన గొలుసు కూడా మంచిది కాదు, బలం పెట్టి నొక్కాల్సి వస్తుంది. కొబ్బరి పీచు గొలుసును త్వరగా మొద్దుబరుస్తుంది కాబట్టి తోట పనికి వెళ్ళేటప్పుడు పదును పెట్టిన రెండో గొలుసు సంచిలో ఉండాలి.

పైకి ఎక్కేటప్పుడు మిషన్ చేతిలో గానీ భుజాన గానీ ఉండకూడదు. కిందే స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక ఆపి, బ్రేకు వేసి పెట్టాలి. మీరు పైకెక్కి నిలదొక్కుకున్నాక కింది మనిషి దాన్ని విడి తాడుకు కట్టి పంపుతాడు. పైన ఉన్నంతసేపూ అది మీ నడుం పట్టాకు ఒక నాడాతో వేలాడాలి. ఆ నాడా మరీ గట్టిది కాకుండా చూసుకోండి. కొమ్మ విరిగి మిషన్‌ను ఈడ్చుకుపోయిందంటే నాడా తెగాలి, మీరు దానితో పాటు పోకూడదు. గాట్లో ఇరుక్కున్న మిషన్‌ను గాలిలో ఊగుతూ పెరికే ప్రయత్నం వద్దు. ఆపేసి, చేతి రంపంతో పక్కన కోసి విడిపించుకోండి.

ఇక మీ తాడు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్న కాళిదాసు కథ చెప్పుకుని నవ్వుకుంటాం గానీ నిజంగా ఆ పని చేసేవాళ్ళు ఎక్కడా కనబడరు. జరిగేదేమిటంటే తను వేలాడుతున్న తాడునే కోసుకోవడం. మిషన్ అవతలి పక్క నుంచి బయటికొచ్చే క్షణంలో తాడు ఎక్కడుందో కోసేవాడికి కనిపించదు. అందుకే కోత మొదలుపెట్టే ప్రతిసారీ మనిషికి రెండు కట్లు ఉండాలి. ఒకటి పైన గట్టి కొమ్మకు వేసిన తాడు. రెండోది మాను చుట్టూ నడుముకు కట్టినది. ఆ రెండోది లోపల ఉక్కు తీగ ఉన్నదైతే మేలు. ఉక్కు తీగ గొలుసుకు లొంగదని కాదు, నూలు తాడులా ఒక్క క్షణంలో తెగదు. బావి తాడు, లారీ తాడు మనిషి ప్రాణానికి పనికిరావు. భవనాల పనికి వాడే బెల్టుకు కొక్కెం వీపున ఉంటుంది. పడితే ఆపుతుంది గానీ కొమ్మ మీద ఒడుపుగా నిలబడటానికి సాయపడదు. నడుముకు రెండు పక్కలా కడియాలున్న పట్టా దొరికేదాకా వెతకండి.

కొబ్బరి చెట్టు సంగతి వేరు. దానికి కొమ్మలే లేవు కాబట్టి పైన తాడు వేయడానికి చోటు ఉండదు. నడుం తాడును మానుకు ఒక్క చుట్టు వేసి వదిలేస్తే కాలు జారినప్పుడు తాడుతో సహా కింది దాకా జారిపోతారు. రెండు చుట్లు బిగించి వేస్తే బరువు పడగానే పట్టేస్తుంది. అంతకన్నా ముందు చూడాల్సింది మొదలు. అడుగున మూడు నాలుగు అడుగుల మేర ఎర్రటి గోధుమ రంగు జిగురు కారుతోందా? అది గానోడెర్మా తెగులు. తమిళనాట దీన్ని తంజావూరు విల్ట్ అంటారు. ఈ చెట్టు పైకి పచ్చగా కనిపించినా లోపల వేర్లు, మొదలు కుళ్ళిపోయి ఉంటాయి. కత్తి వెనుక భాగంతో కొట్టి చూడండి, డొల్ల చప్పుడొస్తే ఆ చెట్టెక్కకండి. పైకి రాళ్ళతోనో గడతోనో తాడు వేసి, దూరం నుంచి లాగి పట్టుకుని, మొదట్లో కోసి పడగొట్టాలి.

గట్టి చెట్టయితే ముందు మట్టలు, గెలలు కత్తితో దింపుకోవాలి. మొవ్వును కోసినప్పుడు మాను ఒక్కసారిగా వెనక్కి ఊగుతుంది, అంత బరువు వదిలేసింది మరి. ఆ ఊపుకు మొదటిసారి ఎక్కినవాడికి గుండె జారిపోతుంది. అప్పుడు మిషన్ చేతిలో నడుస్తూ ఉండకూడదు. కోత ఇంకో వేలెడు మిగిలి ఉండగానే మిషన్ ఆపి, బ్రేకు వేసి నడుముకు వదిలేసి, మిగిలినదాన్ని కింది నుంచి తాడుతో లాగించుకోవచ్చు. కొబ్బరి కొయ్య బయట రాయిలా ఉండి లోపల మెత్తగా ఉంటుంది, వేప, చింతల్లా కీలు పట్టి నెమ్మదిగా ఒరగదు. చటుక్కున తెగిపోతుంది. వేప కోసిన అనుభవంతో కొబ్బరి కోయకండి.

కొబ్బరి చెట్లెక్కేవాళ్ళ కోసం కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ' పేరుతో శిక్షణ మొదలుపెట్టింది. కాళ్ళకు తగిలించుకుని మెట్లెక్కినట్టు ఎక్కే చెంబేరి రకం పరికరం దాంతోనే ఊళ్ళకు బాగా తెలిసింది. బోర్డుకు 'కేర సురక్ష' అనే బీమా పథకం కూడా ఉంది. తోటలున్నవాళ్ళు ఆ శిక్షణకు ఇద్దరు కుర్రాళ్ళను పంపితే కొబ్బరి ధర పడిపోయిన ఏడాది కూడా గిట్టుబాటవుతుంది.

కొమ్మలున్న చెట్టు దగ్గరికి వద్దాం. లావు కొమ్మను పై నుంచి ఒక్క కోతలో కోస్తే సగంలో విరిగి, మాను బెరడును కింది దాకా చీల్చుకుంటూ వస్తుంది. ఆ చీలిక మీరు కట్టుకున్న నడుం తాడు మీదికే రావచ్చు. కాబట్టి మానుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి నాలుగో వంతు కోయండి. తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా విరిగి పడుతుంది. చివర మిగిలిన మోడును, కొమ్మ మానులో కలిసేచోట ఉబ్బిన మడత తెగకుండా, దానికి ఇవతలే తీసేయండి. పాత పద్ధతిలో ఆ ఉబ్బును కూడా చెక్కేసి నున్నగా చేసి పైన పేడో తారో పూసేవాళ్ళు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో ఎన్నో చెట్లను నిలువునా కోసి చూసి, ఆ ఉబ్బే చెట్టుకు రక్షణ గోడ అని చూపించాడు. దాన్ని తీసేస్తే కుళ్ళు మానులోకి దిగుతుంది. కొన్నేళ్ళకు అదే చెట్టు ఎవరి మీదో పడుతుంది. ఈరోజు చేసిన కోత తర్వాత ఎక్కబోయేవాడి భద్రతను కూడా తేలుస్తుందన్నమాట.

చెట్టు స్వభావం తెలుసుకోకుండా ఎక్కడం దేనికి? మునగ, అవిసె, తురాయి పెళుసు. 2016 డిసెంబరు 12న వార్ధా తుపాను చెన్నైని ఊడ్చినప్పుడు తురాయిలాంటివే వీధుల నిండా పడ్డాయి. చింత గట్టిదే, కానీ ముసలి చింత లోపల డొల్ల. మామిడిలో ఎర్రచీమల గూళ్ళుంటాయి. రెండు చేతులూ మిషన్ మీద ఉన్నప్పుడు మెడ మీదికి చీమలు పాకితే ఏం చేస్తారు? పెద్ద తేనెపట్టు ఉన్న చెట్టుకు మిషన్ మోత వినిపించడమంటే యుద్ధం ప్రకటించడమే. పొద్దున్నే చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, తల పైకెత్తి అయిదు నిమిషాలు నింపాదిగా చూడండి.

ఆ అయిదు నిమిషాల్లో కరెంటు తీగను కూడా చూడాలి. పచ్చి కొబ్బరి మట్ట, పచ్చి వేప కొమ్మ విద్యుత్తును మోసుకొస్తాయి. 11 కేవీ తీగకు తాకక్కర్లేదు, బాగా దగ్గరికెళ్తే చాలు. విద్యుత్ బోర్డు (ఈబీ) వాళ్ళు నెలకోసారి మరమ్మతులకు కరెంటు ఆపుతారు కదా, ఆ రోజు కోసేస్తే సరి అనుకునేవాళ్ళు ఉన్నారు. పని ముందే అయిపోతే ఏ నిమిషానైనా కరెంటు వస్తుంది. ఎవరో జనరేటరు పెట్టుకుంటే తీగలోకి వెనక నుంచి రావచ్చు. లైన్‌మన్ వచ్చి, లైన్ క్లియర్ తీసుకుని, తీగను ఎర్త్ చేసి, 'ఇక కోయండి' అనేదాకా తీగ పక్క కొమ్మ జోలికి పోవద్దు. అతనికి టీ తాగించి నిలబెట్టుకోండి. చివరి కొమ్మ పడేదాకా అతను అక్కడే ఉండాలి.

ఇన్ని చెప్పినా, పని చెడగొట్టేది ఎక్కువసార్లు మాటే. అనుకున్న కొమ్మలు అయిపోయాయి. చేతులు వణుకుతున్నాయి. పదకొండు దాటింది. వేలూరు మే నెల ఎండ 40 డిగ్రీల పైనే. కింద నుంచి ఇంటావిడ పిలుస్తుంది: 'అన్నా, ఆ గోడ మీద కొమ్మ కూడా కొట్టెయ్ అన్నా, ఎట్టాగూ ఎక్కినావు గదా!' పక్కింటాయన అందుకుంటాడు: 'మావోడికి అదొక లెక్కా?' ఇదే మునగచెట్టు ఎక్కించడం. ఆ కొమ్మకు తాడు వేయలేదు. కింద స్కూటర్లు తీయలేదు. పైన ఉన్నవాడు కాదంటే చిన్నతనం అనుకుంటాడు. తన పేరు పోతుందనుకుంటాడు. ఒంటి చేత్తో పక్కకు వంగి మిషన్ చాపేది అప్పుడే.

దీనికి మందు ధైర్యం కాదు, బేరం. పొద్దున ఎక్కకముందే ఏ కొమ్మలో వేలు పెట్టి చూపించి, ఇన్నే అని ఒప్పుకోవాలి. అదనపు కొమ్మ ఏదైనా దిగి, నీళ్ళు తాగి, మళ్ళీ చూశాకే. 'అది దిగినాక మాట్లాడుకుందాం లేక్కా' అనే ఒక్క మాట నోటికి అలవాటు చేసుకోండి. ఎవరికీ కోపం రాదు. ఇంటి యజమానులకూ ఒక మాట. చెట్టుకింత అని గుత్తకు మాట్లాడితే ఆ మనిషిని మీరే తొందరపెడుతున్నట్టు. రోజు కూలీ ఇవ్వండి. గాలి లేచిందని మధ్యలో దిగినా కూలీ కోయనని ముందే చెప్పండి. ఆ చెట్టు కింద మీ పిల్లలే ఆడుకుంటారు.

కాళ్ళకు సేఫ్టీ ప్యాంటు వేసుకోమంటే ఈ ఎండలో ఎట్టా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్యాంటులో పొరలు పొరలుగా సన్నని పోగులుంటాయి. గొలుసు తగలగానే అవి బయటికొచ్చి పళ్ళ చక్రంలో చుట్టుకుని ఆపేస్తాయి. చెట్టెక్కేవాళ్ళకు కాలి చుట్టూ పోగులుండే రకం కావాలి, ముందు వైపు మాత్రమే ఉన్నది నేల పనికి. ఎండకు జవాబు ప్యాంటు తీసేయడం కాదు, పని వేళ మార్చడం. తెల్లవారి ఆరుకు మొదలుపెట్టి పదికి దిగిపోండి.

ఒంటరిగా ఎక్కవద్దని వేరే చెప్పాలా? చెప్పాలి. చెట్టు ఎత్తుకు రెట్టింపు దూరంలో జనాన్ని ఆపడానికి కింద ఒక మనిషి ఉండాలి. అతనికి ఎక్కడం రావాలి, అతని దగ్గర విడిగా ఇంకొక పట్టా, తాడు ఉండాలి. పైన స్పృహ తప్పి తాడుకు వేలాడే మనిషిని కొద్ది నిమిషాల్లో దించాలి. కాళ్ళలో రక్తం నిలిచిపోయి ప్రాణం పోవచ్చు, ఫైరింజను వచ్చేదాకా ఆగలేం. మిషన్ మోతలో అరుపులు వినబడవు కాబట్టి ఈల, చేతి సైగలు ముందే అనుకోవాలి.

ఎవరైనా పడితే చేతులూ కాళ్ళూ పట్టుకుని ఎత్తి ఆటోలో కుక్కడం మన దగ్గర మామూలు. దయచేసి ఆ పని చేయకండి. చెట్ల మీద నుంచి పడటం దక్షిణాదిలో వెన్నుపాము దెబ్బలకు ముఖ్య కారణాల్లో ఒకటి. విరిగిన వెన్ను ఎత్తడంలో ఇంకా చెడిపోతుంది. తల, మెడ కదలకుండా ఒకరు పట్టుకోవాలి. ముగ్గురు కలిసి దుంగలా ఒక్కసారే దొర్లించి చెక్క మీదికి చేర్చి 108కి ఫోన్ చేయాలి. ఇలా వెన్ను దెబ్బతిన్నవాళ్ళ కోసం వేలూరు బాగాయంలో సీఎంసీ ఆసుపత్రి వారి పునరావాస కేంద్రం 1966లో వచ్చింది. దాని వెనుక డాక్టర్ మేరీ వర్గీస్ ఉన్నారు. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిపోయినా చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన మనిషి ఆమె. ఇక గొలుసు వేలిని తెంపితే కంగారుపడి ఐసులో పడేయకండి. తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఆ సంచిని ఐసు నీళ్ళలో పెట్టి మనిషితో పాటు తీసుకెళ్ళండి. కాలో చెయ్యో తెగి రక్తం చిమ్ముతుంటే తుండుగుడ్డ మడిచి దెబ్బ మీదే బలంగా నొక్కి పట్టాలి, ఆసుపత్రి దాకా ఆ చెయ్యి తీయకూడదు.

చివరగా బీమా. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వాళ్ళకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, రెండు కళ్ళో రెండు చేతులో పోయినా 2 లక్షలు, ఒక చెయ్యో ఒక కాలో పోతే లక్ష. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది. జట్టులో ఉన్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ మే నెలాఖరుకు ఆ 20 రూపాయలు ఉండేట్టు మేస్త్రీ చూసుకోవాలి.